ఎనిమిది నెలలైంది, 72 పేజీలు రాశాను, ఆడటానికి ఇంకా గేమ్ లేదు

రాజోలు_కుర్రాడు
బీటెక్ అయిపోయి ఏడాదిన్నర. ఎనిమిది నెలలుగా ఒక ఫోను గేమ్ చేస్తున్నాను. ఇంట్లో అడిగితే "అవుతోంది" అంటున్నాను. నిజానికి నా దగ్గర ఉన్నవి 72 పేజీల డిజైన్ డాక్యుమెంటు, 60 స్థాయిల పట్టిక, ఒక టైటిల్ బొమ్మ, మూడు రకాల మెనూలు. వేలు పెట్టి ఆడటానికి మాత్రం ఏమీ లేదు. ఆలోచన పుట్టిన దగ్గర నుంచి ప్లే స్టోర్‌కు చేరేవరకు గేమ్ అసలు ఏ వరుసలో తయారవుతుందో ఆ పని చేసినవాళ్లు ఎవరైనా చెబుతారా? యూట్యూబ్‌లో చూస్తే ప్రతివాడూ ఏడు రోజుల్లో చేసేశానంటాడు. నా ఆలోచన ఏమిటని మాత్రం అడగకండి. ఎవరైనా ఎత్తుకుపోతారని భయం.

చేపలచెరువు
చెరువులో సీడు వేయకముందే కాపలావాడిని పెట్టినట్టుంది.

లంకలో_లాంతరు
పన్నెండేళ్లుగా ఫోను గేమ్‌లకు కోడ్ రాస్తున్నాను, కొంచెం పొడవుగా చెబుతాను, ఓపిక పట్టండి.

మీ వరుస తలకిందులైంది. మెనూ, టైటిల్ బొమ్మ, అరవై స్థాయిలు ఇవన్నీ చివర్లో వచ్చేవి. మొదట రావలసింది ప్రోటోటైప్. అంటే రంగూ హంగూ లేకుండా, నాలుగు చతురస్రాలతో, చేత్తో ఆడగలిగే ముక్క. వారంలో అయిపోవాలి. ఇందులో మజా ఉందా లేదా, ఆ ఒక్క సంగతి తేల్చడానికే అది. లేదనిపిస్తే పారేసి ఇంకొకటి మొదలుపెట్టడమే. వారమే పోయింది కాబట్టి ఏడుపు రాదు.

ఉందనిపిస్తే ఒకే ఒక్క స్థాయిని అసలు బొమ్మలతో, అసలు శబ్దాలతో, రేపు అమ్మకానికి పెట్టేంత నిగ్గుతో పూర్తి చేస్తారు. మా వాళ్లు దాన్ని వర్టికల్ స్లైస్ అంటారు. తాపేశ్వరంలో మొదటి వాయి దించగానే ఒక కాజా కొరికి చూస్తారే, అలాంటిది. ఆ ఒక్క స్థాయికి ఎన్ని రోజులు పట్టిందో చూశాకే మిగతావాటికి ఎంత పడుతుందో లెక్క తేలుతుంది. తర్వాత అసలు తయారీ. అన్నీ లోపలికి వచ్చి మొదటి నుంచి చివరివరకు కుంటుతూ అయినా ఆడగలిగితే ఆల్ఫా. కొత్తవి చేర్చడం ఆపి తప్పులు మాత్రమే దిద్దుతుంటే బీటా. ఆ తర్వాత విడుదల.

సెలస్టే అనే పేరున్న గేమ్ మొదట నాలుగు రోజుల్లో చేసిన చిన్న ముక్క. అది బాగుందనిపించాక పెద్దది చేస్తే 2018లో వచ్చింది. వాళ్లు నాలుగు రోజులు ముందు పెట్టి ఏళ్లు తర్వాత పెట్టారు. మీరు నెలలన్నీ ముందే ఖర్చు పెట్టేశారు. ఆ 72 పేజీల్లో ఒక పేజీ ఉంచుకుని మిగతావి అటక ఎక్కించండి.

టెస్టర్_సుబ్బు
సొంతూరు పాలకొల్లు, హైదరాబాదులో గేమ్‌లు పరీక్షించే ఉద్యోగం. లాంతరు గారి మాటలన్నీ సరే గానీ డాక్యుమెంటు అటక ఎక్కించమనడం ఒప్పుకోను. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట అసలు పత్రమే ఉండేది కాదు. ఒక పాత్ర గోడలోంచి నడిచి వస్తుంటే బగ్ అని రాసి పంపాను. "వాడు దెయ్యం, అలాగే వస్తాడు" అని తిప్పి పంపారు. పది రోజుల తర్వాత ఇంకొకాయన వచ్చి "దెయ్యమేమిటి, వాడు కాపలావాడు" అన్నాడు. పది రోజులు నేను కాపలావాడిని దెయ్యంగా పరీక్షించాను.

లంకలో_లాంతరు
@టెస్టర్_సుబ్బు నలుగురు పనిచేసేచోట కావాలి, కాదనను. ఒక్కడే కూర్చుని తనకు తాను 72 పేజీలు ఉత్తరం రాసుకోవడం వేరు.

పూతరేకు_పాప
ఆత్రేయపురం అమ్మాయిని, గేమ్‌లకు బొమ్మలు గీస్తాను. తమ్ముడూ, ప్రోటోటైప్ తేలకముందు బొమ్మ గీయించవద్దు. ఒక గేమ్‌కు ఏడు నెలలు నేపథ్యాలు గీశాను, మొత్తం 140. అప్పటికి ఆట ఇంకా కుదురుకోలేదు. ఒక శుక్రవారం సమావేశంలో "పక్క నుంచి కాకుండా పైనుంచి చూపిస్తే బాగుంటుంది" అని తేల్చారు. పైనుంచి చూస్తే నా కొబ్బరిచెట్లు పచ్చటి నక్షత్రాలు. 96 బొమ్మలు బుట్టదాఖలు. డబ్బు ఇచ్చారు గానీ ఆ చెట్లు ఇంకా నా కంప్యూటర్లో ఉన్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చేపలచెరువు
@పూతరేకు_పాప మాకు ఇవ్వండి, గట్టు మీద నాటుకుంటాం.

కాకినాడ_కాజా
పూర్తిచేసి విడుదల కూడా చేసినవాడి కథ వినండి. రెండేళ్లు కూర్చుని బొంగరాల గేమ్ చేశాను. పండక్కి అందరూ తీరిగ్గా ఉంటారు కదా అని భోగి నాడు విడుదల పెట్టాను. ఆ మూడు రోజులూ మన జిల్లాల్లో ఎవరి చూపూ ఫోను మీద ఉండదని నాకు తట్టలేదు. అందరూ కోడిపందేల బరుల దగ్గరే. వారంలో 41 మంది దించుకున్నారు, అందులో 17 మంది చుట్టాలు. మా మేనమామ ఒక్క నక్షత్రం ఇచ్చి, "ఫోను కాలిపోతోంది, కుర్రవాడు మాత్రం మంచివాడు" అని రాశాడు.

ఫోను కాలడం నిజమే. మెనూ తెర ఊరికే ఉన్నప్పుడు కూడా సెకనుకు 120 సార్లు బొమ్మ గీయిస్తున్నాను. ఎందుకో నాకే తెలియదు. 30కి తగ్గిస్తే వేడి పోయింది, కానీ ఆ నక్షత్రం అలాగే ఉంది.

పెద్ద తప్పు అది కాదు. విడుదలకు ముందు రోజు వరకు అలాంటి గేమ్ ఒకటి వస్తోందని చుట్టాలకు తప్ప ఎవరికీ తెలియదు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో అయితే "త్వరలో" అనే పేజీ కనీసం రెండు వారాలు ముందుగా ఉండాలని నిబంధనే పెట్టారు. నేను రెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను, మన రాజోలు తమ్ముడిలాగే, ఎవరో ఎత్తుకుపోతారని. చివరికి ఇంటికి వెళ్లి ఇచ్చినా తీసుకునేవాడు లేడు.

రాజోలు_కుర్రాడు
సరే, చెప్పేస్తున్నాను. నరసాపురం–సఖినేటిపల్లి పంటు, అంటే బండ్లనూ మనుషులనూ గోదావరి దాటించే పెద్ద పడవ.

రేవులో ఆటోలు, బైకులు, మనుషులు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు వరసలో నిలబడి ఉంటాయి. వాటిని పంటు మీదకు ఎక్కించాలి. ఒకవైపు బరువు ఎక్కువైతే ఒరుగుతుంది. ఒరగకుండా అవతలి ఒడ్డుకు చేర్చాలి. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరికి అలాగే వెళ్లేవాళ్లం, అక్కడి నుంచి పుట్టింది.

చేపలచెరువు
సగం చేసేశాను. రేపు విడుదల.

వశిష్ఠ_రేవు
ఇరవై ఏళ్లుగా ఉద్యోగానికి ఆ రేవు దాటుతున్నాను. గేమ్‌ల గురించి తెలియదు, పంటు గురించి తెలుసు. మీరు చెప్పింది ఎక్కేటప్పటి సంగతి. అసలు తమాషా దిగేటప్పుడు ఉంటుంది. అవతలి ఒడ్డు ఇంకా యాభై గజాలు ఉండగానే బైకుల వాళ్లు ఇంజిన్లు మొదలుపెడతారు, నడిచేవాళ్లు సంచులు చంకన పెట్టుకుని ముందుకు జరుగుతారు. ఒక్కరు కదిలితే అందరూ కదులుతారు. నది మధ్యలో సమంగా ఉన్న బరువంతా చివరి నిమిషంలో ముందుకు వచ్చి పడుతుంది. మీ ఆటలో అది ఉందా?

ఇంకొకటి. అక్కడికి సముద్రం దగ్గర. పోటు మీద ఉన్నప్పుడు రేవు, పంటు దాదాపు సమానంగా ఉంటాయి. ఆటులో నీరు దిగిపోతే ఎక్కే బల్ల ఏటవాలుగా అవుతుంది, బరువు బండి ఎక్కించడానికి ఇద్దరు తొయ్యాలి. ఒకే రేవు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది.

రాజోలు_కుర్రాడు
@వశిష్ఠ_రేవు ఈ రెండూ నా 72 పేజీల్లో లేవండి. 60 స్థాయిలకు 60 రకాల పడవలు రాశాను.

లంకలో_లాంతరు
రాజోలు తమ్ముడూ, ఆయన చెప్పిన రెండు ముక్కల్లోనే నీ గేమ్ ఉంది. కొత్త పడవ అంటే పూతరేకు పాప గారికి మళ్లీ రెండు వారాల పని. నీటి మట్టం అంటే ఒక్క అంకె మార్చడం. దానితో అదే రేవు కొత్త చిక్కు అవుతుంది. ముందు చతురస్రాలతో చేసి చూపించు. అయిదు రోజులు ఇస్తున్నాను.

టెస్టర్_సుబ్బు
మొదలుపెట్టకముందే గడువు వచ్చేసింది. ఇప్పుడు అచ్చం కంపెనీలాగే ఉంది.

డోలు_సన్నాయి
గడువు అంటే గుర్తొచ్చింది. 1982లో అటారీ వాళ్లు ఒక పెద్ద సినిమాను గేమ్‌గా తెచ్చారు. క్రిస్మస్ అమ్మకాలకు అందాలని ఒక్క ప్రోగ్రామర్‌కు అయిదు వారాలే ఇచ్చారు. అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను న్యూ మెక్సికోలో చెత్తదిబ్బలో పాతిపెట్టారు. 2014లో తవ్వితే బయటపడ్డాయి కూడా.

కాకినాడ_కాజా
గడువు లేకపోతే ఇంకో రకం. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అని 1997లో ప్రకటించి 2011లో విడుదల చేశారు. ప్రకటించిన రోజు పుట్టిన పిల్లవాడు విడుదల నాటికి తొమ్మిదో తరగతిలో ఉండి ఉంటాడు.

రాజోలు_కుర్రాడు
ఆరు రోజులైంది. చతురస్రాలతో చేశాను. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో, బరువు, ఢీకొనడం లెక్కలు తనే వేసే దాని ఫిజిక్స్ వాడి. గోధుమరంగు బల్ల పంటు, ఎర్ర పెట్టె ఆటో, పసుపు పెట్టెలు మనుషులు, తెల్ల చుక్క మేక. నా ఫోనులో బాగానే ఉంది, ఒరిగినప్పుడు నిజంగానే గుండె ఝల్లుమంటుంది. కానీ రెండు సమస్యలు. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెడితే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. మా నాన్న పాత ఫోనులో పెడితే అదే స్థాయి, అదే వరుస, ఆటో జారి గోదావరిలో పడుతోంది. నా దాంట్లో పడదు. మూడు రాత్రులుగా చూస్తున్నాను.

లంకలో_లాంతరు
వణుకు సంగతి ముందు. ఇంజిన్ ఏం చేస్తుందంటే, సెకనులో ఎన్నోసార్లు లోకాన్ని ఆపి ఎవరు ఎవరిలోకి చొచ్చుకుపోయారో చూసి పక్కకు నెడుతుంది. ఒక పెట్టెను నెడితే అది పైదానిలోకి వెళుతుంది, దాన్ని నెడితే మళ్లీ ఇది. అదే నీకు కనబడే వణుకు. 

రెండో ఫోనులో పడటానికి కారణం నీ కోడ్‌లో ఉంటుందని నా అనుమానం. ఒరుగుడును ప్రతి ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ గీసిన ప్రతిసారీ, కొంత అని కలుపుతున్నావా? నీ ఫోను సెకనుకు 60 ఫ్రేములు గీస్తే నాన్నగారిది 25 గీస్తుంది. అంటే రెండు ఫోన్లలో గోదావరి రెండు వేగాలతో పారుతోంది. లెక్కలు ఫ్రేముతో కాకుండా స్థిరమైన కాలపు అడుగుతో జరగాలి. బొమ్మ ఎన్నిసార్లు గీసినా సరే, లెక్క మాత్రం సెకనుకు సరిగ్గా 50 సార్లు, ప్రతి ఫోనులోనూ.

రాజోలు_కుర్రాడు
ప్రతి ఫ్రేముకు కలుపుతున్నాను. ఎలా కనిపెట్టారండి.

లంకలో_లాంతరు
నేనూ ఒకప్పుడు కలిపాను కాబట్టి.

లెక్కల_మాస్టారు
నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని, మనవడు ఈ చర్చ చూపించాడు. ఇంత చిన్న విషయానికి పెద్ద యంత్రం ఎందుకు నాయనా? తొమ్మిదో తరగతి పిల్లలకు రూలు కర్ర మీద నాణేలు పెట్టి చెప్పేవాణ్ణి. పంటుకు నడిబొడ్డు ఒకటి గుర్తు పెట్టుకో. ఒక్కొక్క వస్తువు బరువును ఆ నడిబొడ్డు నుంచి దాని దూరంతో హెచ్చవేయి. 150 కిలోల మోటారు సైకిలు ఎడమకు 4 అడుగుల్లో ఉంటే 600. యాభై కిలోల మనుషులు ఆరుగురు కుడికి 2 అడుగుల్లో నిలబడితే 300 ఇంటూ 2, అదీ 600. సమం. తేడా ఎంత ఉంటే అంత ఒరుగు. నీ పంటుకు కావలసింది ఒక కూడిక, ఒక తీసివేత.

లంకలో_లాంతరు
మాస్టారూ, మా ఆఫీసుకు రండి.

వశిష్ఠ_రేవు
మాస్టారు గారి లెక్కే మా రేవులో తాడు పట్టుకునేవాడు కంటితో వేస్తాడు. "నువ్వు ఇటు రా, నువ్వు అక్కడే ఉండు" అంటాడు, అంతే.

రాజోలు_కుర్రాడు
ఫిజిక్స్ అంతా పీకేశాను. మాస్టారి కూడిక పెట్టాను, 30 వరసల కోడ్ కూడా లేదు. వణుకు పోయింది. నాన్న ఫోనులోనూ, నా ఫోనులోనూ ఒకేలా ఒరుగుతోంది. రేవు గారు చెప్పినట్టు చివర్లో మనుషులు ముందుకు జరగడం పెట్టాను. ఇప్పుడు ఎక్కించేటప్పుడే, ఆఖర్లో వీళ్లందరూ ముందుకు పడతారు కదా అని బరువు బండ్లను వెనక్కి పెట్టుకోవాలి. ఇంతకుముందు నా గేమ్‌లో ఆలోచించవలసింది ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. తెలుగులో పెట్టాలనుకుంటే అక్షరాలు విరిగిపోతున్నాయి. "స్త్రీలు" అని రాస్తే సకారం ఒకచోట, ఒత్తులు ఒకచోట, విడివిడిగా నిలబడుతున్నాయి.

కాకినాడ_కాజా
అది అందరికీ జరిగేదే. మన ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో ఫాంటు ఒక్కటే చెప్పలేదు, అక్షరాలను కలిపి పేర్చే పని ఇంజిన్ చేయాలి. యూనిటీలో మామూలుగా అందరూ వాడే టెక్స్ట్ భాగం ఆ పేర్పు చేయక మనవాళ్లను ఏడిపించింది. నేను తెలుగు మాటలన్నీ బొమ్మలుగా చేసి అతికించాను. ఒక్క అక్షరదోషం దిద్దాలంటే మళ్లీ బొమ్మ. గోడో అని ఇంకో గేమ్ ఇంజిన్ ఉంది, దాని నాలుగో వెర్షన్ 2023లో వచ్చింది, అందులో ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

రాజోలు_కుర్రాడు
గోడోకు మారితే మళ్లీ మొదటి నుంచి కదా?

లంకలో_లాంతరు
నీకు ఉన్నది ఒక బల్ల, కొన్ని పెట్టెలు, మాస్టారి కూడిక. మారాలంటే ఇప్పుడే. ఆరు నెలల తర్వాత అడిగితే వద్దనేవాణ్ణి. పైగా గోడో ఉచితం, ఎంఐటీ లైసెన్సు, ఎవరికీ వాటా ఇవ్వనక్కర్లేదు. 2023 సెప్టెంబరులో యూనిటీ వాళ్లు ఒక పరిమితి దాటిన గేమ్‌లకు ప్రతి ఇన్‌స్టాల్‌కూ రుసుము వేస్తామని ప్రకటించి గొడవ తెచ్చుకున్నారు. ఏడాదికి వెనక్కి తీసుకున్నారు గానీ చాలామంది ఆ ఏడాదిలోనే గట్టు దాటేశారు.

టెస్టర్_సుబ్బు
ఇన్ని మాటలు అయ్యాయి, ఎవరైనా ఆడారా ఇంతకీ? మనం కాదు, గేమ్‌లు ఆడనివాళ్లు. ఒకరి చేతిలో పెట్టు. పెట్టి నోరు మూసుకో. ఇది మహా కష్టం, ముందే చెబుతున్నాను. వాళ్లు తికమకపడుతుంటే నాలుక దురద పెడుతుంది. మాట్లాడకూడదు. విడుదలయ్యాక ప్రతి ఫోను పక్కనా నువ్వు కూర్చోవు కదా.

రాజోలు_కుర్రాడు
గోడోలోకి మార్చాను, పది రోజులు పట్టింది. నిన్న సఖినేటిపల్లిలో మా మేనత్త చేతికి ఇచ్చాను. చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నాను.

ఆటోను వేలితో పట్టుకుని లాగి పంటు మీద వదలాలి. ఆవిడ లాగలేదు. ఆటో మీద ఒకసారి నొక్కింది, ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. "ఎక్కవయ్యా" అంది. నిజంగా ఆటోతో మాట్లాడుతోంది. నేను పెదవి కొరుక్కున్నాను. నాలుగోసారి నొక్కి, పంటు మీద ఖాళీ చోట నొక్కింది. ఆవిడ లెక్కలో పిలవడం ఒకటి, చోటు చూపించడం ఒకటి. రేవులో అలాగే కదా జరిగేది. లాగడం అనేది నా బుర్రలో మాత్రమే ఉంది.

రాత్రికి దాన్నే పెట్టాను. నొక్కితే చెయ్యి ఎత్తుతాడు, చోటు నొక్కితే వెళ్లి నిలబడతాడు. ఇవాళ ఆవిడ నాలుగుసార్లు వరసగా ఆడింది. మధ్యలో పాలు పొంగిపోయాయి. ఆ తిట్లు నాకే.

పూతరేకు_పాప
పాలు పొంగాయంటే ఇప్పుడు బొమ్మలు గీయవచ్చు. పంపు, ఒక పంటు, ఒక రేవు గీసిస్తాను. ఒక్క పడవే, ముందే చెబుతున్నాను. ఇంతకీ పక్క నుంచేనా, పైనుంచా? తేల్చుకున్నాకే చెప్పు.

రాజోలు_కుర్రాడు
పక్క నుంచే అక్కా. ఒరుగు కనబడాలి కదా.

పూతరేకు_పాప
అయితే నా చెట్లకు మంచి రోజులు వచ్చాయి.

డోలు_సన్నాయి
శబ్దాలు నేను ఇస్తాను. మా ఇంట్లో సన్నాయి వాయించేవాళ్లు, నేను మైకు పట్టుకున్నాను. పంటు ఇంజిన్ మోత రేవులోనే రికార్డు చేసుకో, తెల్లవారుజామున, జనం లేనప్పుడు. ఒక చిన్న కిటుకు: ఆ మోత ఆగకుండా తిరగాలి కాబట్టి ఎంపీత్రీలో పెట్టవద్దు. ఎంపీత్రీ ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొంచెం ఖాళీ చేరుతుంది. చుట్టు తిరిగిన ప్రతిసారీ ఇంజిన్ ఒక క్షణం ఆగి ఎక్కిళ్లు పెట్టినట్టు వినిపిస్తుంది. ఓగ్ అనే ఇంకో రకం శబ్దం ఫైలులో పెడితే ఆ అతుకు తెలియదు.

మనిషి చోటుకు చేరగానే "ఆయ్" అనిపించు. గోదావరి జిల్లా అని వేరే చెప్పనక్కర్లేదు.

వశిష్ఠ_రేవు
అందరిచేతా అనిపిస్తే వెటకారంలా ఉంటుంది. సినిమాల్లో పడ్డది చాలు. నలభై మందిలో ఒక్కరు అంటే చాలు.

డోలు_సన్నాయి
@వశిష్ఠ_రేవు మా ఇంట్లో నలభైకి నలభై మందీ అంటారండి.

రాజోలు_కుర్రాడు
మేకకు పెడతాను, గొడవ ఉండదు. ఇప్పుడు అసలు సందేహం. 60 స్థాయిలు ఎలా తగ్గించాలి? తగ్గిస్తే చిన్న గేమ్ అంటారేమో. స్టార్‌డ్యూ వ్యాలీ ఒక్కడే చేశాడు కదా, అంత పెద్దది.

లంకలో_లాంతరు
చేశాడు, నాలుగున్నరేళ్లు. సాయంత్రాలు ఒక థియేటర్లో టికెట్లు చూసి సీట్లు చూపించే పని చేస్తూ. 2016లో విడుదల. ఆ ఒక్కడి పేరు అందరికీ తెలుసు. అదే దారిలో వెళ్లి మూడో ఏట ఆగినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? నేను ఇద్దరిని ఎరుగుదును, ఒకరు ఇప్పుడు రొయ్యల మేత డీలరు.

చేపలచెరువు
ఆయన మాకే మేత అమ్ముతున్నాడు. సుఖంగా ఉన్నాడు.

కాకినాడ_కాజా
@లంకలో_లాంతరు మరీ భయపెట్టకండి. యాంగ్రీ బర్డ్స్ చేసిన రోవియోకు అది 52వ గేమ్ అట. ఆగినవి కూడా వృథా పోవు.

లంకలో_లాంతరు
సరిగ్గా అదే అంటున్నాను. 52 చేయాలంటే ఒక్కొక్కటీ చిన్నదిగా ఉండాలి. పన్నెండు స్థాయిలు, తమ్ముడూ. ఒక పంటు, మూడు నీటి మట్టాలు, నాలుగు రకాల రద్దీ. పన్నెండూ పూర్తయ్యాక పదమూడోది అడుగు.

చేపలచెరువు
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరేమిటి? పంటు ఒరుగుతుందా ఒరగదా అని పందెం పెట్టించు. కోడిపందేల సీజనులో కోట్లు.

టెస్టర్_సుబ్బు
జైలు భోజనం కూడా ఉచితం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

కాకినాడ_కాజా
మొదటి గేమ్‌కు డబ్బు ఆశ పెట్టుకోకు. ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కట్టు. మూడు స్థాయిలకు ఒక ప్రకటన చాలు. స్థాయి మధ్యలో పెట్టావంటే మీ మేనత్తే తిడుతుంది.

ముఖ్యమైనది వేరే ఉంది. 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే నేరుగా విడుదల చేయనివ్వరు. కనీసం 12 మంది పరీక్షకులు 14 రోజులు ఆగకుండా పేరు నమోదులో ఉండాలి. ముందు 20 మంది అనేవారు, 2024 డిసెంబరులో తగ్గించారు. ఎవరైనా మధ్యలో తప్పుకుని 12 కంటే తగ్గితే ఆ 14 రోజుల లెక్క దెబ్బతింటుంది. కాబట్టి అలిగే చుట్టాలను చేర్చుకోకు.

రాజోలు_కుర్రాడు
నాలుగు నెలల తర్వాత వస్తున్నాను, క్షమించండి. పన్నెండు స్థాయిలూ అయ్యాయి. మొదటి పది స్థాయిలు నెలన్నరలో అయిపోయాయి. మిగతా రెండున్నర నెలలు ఏమయ్యాయంటే: ఆట ఆపి మళ్లీ తెరిస్తే ఎక్కడ ఉన్నామో గుర్తుండటం, శబ్దం కట్టేసే బొత్తం, అంచులు గుండ్రంగా ఉన్న ఫోన్లలో మేక కనబడకపోవడం, వయసు వర్గీకరణ ప్రశ్నలు, గోప్యతా పేజీ, ఐకాను. ఐకాను పదకొండుసార్లు మార్చాను. ఇవేవీ నా 72 పేజీల్లో లేవు. ఇప్పుడు 12 మంది కావాలి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు కలిపి ఎనిమిది.

వశిష్ఠ_రేవు
నేను ఒకడిని. రేవులో ఎదురుచూసేటప్పుడు ఆడతాను.

లెక్కల_మాస్టారు
నా పేరూ రాసుకో. కూడిక సరిగ్గా వేశావో లేదో చూడాలి.

టెస్టర్_సుబ్బు
రోజంతా చేసేది ఇదే, రాత్రి కూడా ఇదే. సరే, నేనూ.

రాజోలు_కుర్రాడు
పదకొండు.

చేపలచెరువు
నా సగం చేసిన గేమ్ పక్కన పెట్టి వస్తున్నాను. పన్నెండు.

టెస్టర్_సుబ్బు
మూడో రోజు నివేదిక. స్థాయి 4. పంటు నది మధ్యలో ఉండగా ఫోను వచ్చింది. మూడు నిమిషాలు మాట్లాడి తిరిగి వచ్చేసరికి పంటు ఒడ్డు దాటి కొబ్బరితోటలో ఉంది. మనుషులందరూ మేక పక్కన నిలబడి ఉన్నారు. మళ్లీ జరిపించాలంటే: స్థాయి మొదలుపెట్టు, బయలుదేరు, ఎవరిచేతనైనా ఫోను చేయించుకో. నేను మూడుసార్లు చేయించుకున్నాను, మూడుసార్లూ తోటలోకే వెళ్లింది.

వశిష్ఠ_రేవు
వరదల్లో పడవలు అలా వెళ్లడం చూశాను. బగ్ అని కొట్టిపారేయకండి.

పూతరేకు_పాప
నా తోటలోకేనా? తీయవద్దు.

రాజోలు_కుర్రాడు
ఫోను వస్తే గేమ్‌ను ఆపే వరస రాయడం మరిచాను. ఒక్క వరస. ఈ రాత్రికి కొత్త బిల్డ్ పెడతాను.

లెక్కల_మాస్టారు
కొత్తది పెట్టే ముందు ఒక్క మాట నాయనా. నేను ఎనిమిదో స్థాయిలో ఉన్నాను, రెండు రోజులుగా. ఆటు వేళ, లారీ కూడా ఉంది. కొత్తది వేస్తే నేను ఎక్కడ ఉన్నానో దానికి తెలుస్తుందా?

రాజోలు_కుర్రాడు
మాస్టారూ, సేవ్ ఫైలు ఆకృతి నిన్ననే మార్చాను. పాత ఫైలును చదివి కొత్తదిగా మార్చే కోడ్ ఇంకా రాయలేదు.

చేపలచెరువు
ముందు మాస్టారిని ఒడ్డుకు చేర్చు. మేము తోటలో ఉంటాం, మాకు తొందరేమీ లేదు.